ఫ్రీమాంటిల్ దిమ్మెకు రెండు ఫలకాలు

పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ రేవు పట్టణంలో, ఎస్‌ప్లనేడ్ పార్కులోని నార్ఫోక్ పైన్ చెట్ల మధ్య, ఒక పాత రాతి స్మారకం ఉంది. పైన మెయిట్‌లాండ్ బ్రౌన్ అనే ఆయన తల, భుజాల వరకు ఉన్న విగ్రహం, కింద దిమ్మె మీద పొడవైన శాసనం. 1864 నవంబరు 13న లాగ్రాంజ్ అఖాతం దగ్గర పాంటర్, హార్డింగ్, గోల్డ్‌వయర్ అనే ముగ్గురు అన్వేషకులను ‘ద్రోహులైన స్థానికులు’ రాత్రిపూట దాడి చేసి హత్య చేశారనీ, వాళ్లను వెతకడానికీ ప్రతీకారం తీర్చడానికీ ప్రభుత్వం పంపిన దళానికి ధైర్యశాలి బ్రౌన్ నాయకత్వం వహించాడనీ ఆ శాసనం చెబుతుంది. చివర, యుద్ధస్మారకాల మీద ఇంగ్లీషువాళ్లు రాసుకునే ‘మరచిపోకుందుము గాక’ అన్న మాట. ఇది 1913లో నిలబెట్టినది. అదే దిమ్మెకు 1994లో ఇంకో ఫలకం చేరింది. మీ ఎదురుగా ఉన్న ఈ స్మారకం అభ్యంతరకరమని భావించినవారు దీన్ని పెట్టారు అంటూ అది మొదలవుతుంది.

విగ్రహాల గొడవ ఎక్కడ చెలరేగినా ఫ్రీమాంటిల్‌ను ఆదర్శంగా చూపించడం ఆస్ట్రేలియాలో మామూలే. కూల్చలేదు, రంగు చల్లలేదు, పక్కనే సభ్యతగా జవాబు పెట్టారు, ఇరుపక్షాల వాదనా వినిపించింది, అంతా బాగుంది అంటారు. ఆ దిమ్మె అక్కడే ఉండాలని నేనూ అంటాను. అయితే ‘ఇరుపక్షాలు’ అనే మాటతో నాకు పేచీ ఉంది. రెండో ఫలకం రెండో పక్షం వాదన వినిపించి ఊరుకోలేదు. అప్పటిదాకా కీర్తిగా నిలిచిన మొదటి శాసనాన్ని అది నేరాంగీకార పత్రంగా మార్చింది. సాక్ష్యాన్ని నాశనం చేయకూడదు గనుక ఆ దిమ్మె ఉండాలి. అందరికీ సమానంగా మర్యాద చేయాలన్న కారణంతో మాత్రం దాన్ని సమర్థించలేం.

ముందు జరిగిన సంగతి చూద్దాం. ఆ ముగ్గురూ నక్షత్రాలను చూసి దారి కనుక్కుంటూ జ్ఞానం కోసం తిరిగిన సంచారులు కారు. రోబక్ అఖాతం దగ్గర గొర్రెల పెంపకానికి ఏర్పడిన ఒక కంపెనీ కోసం మేత భూములు వెతకడానికి వెళ్లారు. వారిలో పాంటర్ పోలీసు ఇన్‌స్పెక్టరు. వాళ్లు వెళ్లిన నేల కరాజర్రి ప్రజలది. ఎండిన ఆ తీరంలో మంచినీటి గుంట ఎక్కడుంటే బతుకు అక్కడుంటుంది. గొర్రెల మంద దిగిందంటే ఆ గుంట చుట్టూ ఉన్న గడ్డీ, నీరూ, వాటిని నమ్ముకున్న జంతువులూ, ఆ జంతువులను నమ్ముకున్న మనుషులూ అందరూ చిక్కుల్లో పడతారు. అన్వేషణ అనే పని ఆ మందకు ముందు నడిచే పని. ఇది ఇప్పటి మన తీర్పు అనుకోనక్కర్లేదు, ఆ కంపెనీ పెట్టుబడి పెట్టిందే అందుకు. శాసనం మాత్రం ఆ ప్రాంతాన్ని ‘ఎవరికీ తెలియని నేల’ అంటుంది. అక్కడ పుట్టి పెరిగినవాళ్లు ఆ ‘ఎవరికీ’లో లెక్కకు రాలేదు.

1865లో బ్రౌన్ దళం ఓడలో బయలుదేరి ఉత్తరానికి వెళ్లింది. అప్పటికి బ్రౌన్‌కు ఇరవై రెండేళ్లు కూడా సరిగా లేవు. ముగ్గురి శవాలూ దొరికాయి. వాటిని పెర్త్‌కు తెచ్చి ప్రభుత్వ లాంఛనాలతో తూర్పు పెర్త్ శ్మశానంలో సమాధి చేశారు. శవాలు తెచ్చే ఆ ప్రయాణంలోనే దాదాపు ఇరవై మంది ఆదివాసులు చనిపోయారు. తుపాకులతో, గుర్రాలతో వెళ్లిన దళంలో ఒక్కరూ చావలేదు, ఒక్కరికీ గాయం కాలేదు. ఆ ఇరవై మంది ఆ ముగ్గురిని చంపినవారేనా అని విచారించిన న్యాయస్థానం లేదు, వాళ్ల పేర్లు రాసుకున్న గుమాస్తా లేడు. ఒక పక్క మూడు పేర్లూ, హోదాలూ, తేదీ, ఊరేగింపు, సమాధి. మరో పక్క ‘దాదాపు ఇరవై’ అనే ఉజ్జాయింపు లెక్క. ఈ తేడాను మించిన వ్యాఖ్యానం ఆ స్మారకానికి అవసరం లేదేమో.

స్మారకం పుట్టిన సమయం కూడా చూడాలి. ముగ్గురి చావుకూ దీనికీ మధ్య నలభై ఎనిమిదేళ్లు గడిచాయి. బ్రౌన్ 1905లోనే పోయాడు, ఆపాటికి శాసనమండలి సభ్యుడిగా, పేరున్న పెద్దమనిషిగా చలామణీ అయినవాడు. డబ్బిచ్చింది బ్రాక్‌మన్ అనే మరో అడవి సంచారి. విగ్రహాన్ని మలిచింది పియెట్రో పోర్చెల్లి అనే ఇటలీ శిల్పి, పెర్త్ నగరంలో అలెగ్జాండర్ ఫారెస్ట్ అనే ఇంకో అన్వేషకుడి విగ్రహమూ ఆయన చేతిదే. కాబట్టి ఇది బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు కన్నీటితో పెట్టుకున్న రాయి అనడానికి వీల్లేదు. భూములు దక్కాక, మందలు పెరిగాక, సంపాదించిన తరం తనకు తాను రాసుకున్న యోగ్యతా పత్రం. శోకానికి పెట్టిన రాయి అయితే చనిపోయినవారి ముఖం పైన ఉండేది. ఇక్కడ దిమ్మె మీద కూర్చున్నది చంపడానికి వెళ్లినవాడి ముఖం.

ఇక్కడే నాకు ఆ శాసనం విలువైనదిగా కనిపిస్తుంది. ఆ ఖండమంతటా పందొమ్మిదో శతాబ్దంలో ఆదివాసుల మీద జరిగిన ఊచకోతల్లో చాలావాటికి ఒక్క గుర్తూ లేదు. ‘చెదరగొట్టాం’ అనే ఒక్క మాటతో పోలీసు కాగితాల్లో ముగిసిపోయాయి. చంపినవాళ్లు చప్పుడు చేయకుండా ఉండడమే రివాజు. ఫ్రీమాంటిల్‌లో మాత్రం దండనకు దళం వెళ్లిందనీ, ప్రభుత్వమే పంపిందనీ, నాయకుడు ఫలానా అనీ, తేదీతో సహా బహిరంగ స్థలంలో రాతి మీద చెక్కుకున్నారు, అదీ గర్వంగా. తప్పు చేశామన్న అనుమానం ఏ కోశానా లేనివాడు మాత్రమే అలా రాయగలడు. దాన్ని తీసేస్తే ఆ నగరం మీద ఉన్న అత్యంత స్పష్టమైన సాక్ష్యం ఒకటి తగ్గిపోతుంది. పార్కు ఇంకొంచెం అందంగా, పిల్లలు ఆడుకోవడానికి ఇంకొంచెం హాయిగా తయారవుతుంది. లాభం ఎవరికి? లాగ్రాంజ్‌లో చనిపోయినవారి వారసులకైతే కాదు.

1994 నాటి ఫలకం చేసిన పని ఈ దృష్టితో చూస్తే అర్థమవుతుంది. అది మొదటి శాసనంలో ఏముందో ఖండించకుండా, ఏం లేదో వరుసగా చెబుతుంది. లాగ్రాంజ్‌లో జరిగిన సంఘటనలను తెల్ల వలసదారుల దృష్టి నుంచి మాత్రమే చెప్పారు, తమ నేలను కాపాడుకునే హక్కు ఆదివాసులకు ఉందన్న ప్రస్తావన లేదు, ఆ చావులకు దారితీసిన కవ్వింపుల చరిత్ర లేదు, దండన దళం వల్ల దాదాపు ఇరవై మంది చనిపోయారు, దళంలో ఎవరికీ ఏమీ కాలేదు. ఈ దేశపు ఆక్రమణలో చనిపోయిన ఇతర ఆదివాసులందరికీ కూడా ఇది స్మృతి చిహ్నమని చెప్పి, పాత శాసనం వాడుకున్న ‘మరచిపోకుందుము గాక’ అన్న మాటతోనే ముగుస్తుంది. దాని కింద ఆదివాసి భాషలో ఒక పంక్తి. విశేషణాలు దాదాపు లేవు. ఒక మంచి లాయరు ఎదుటివాడి వాంగ్మూలాన్నే తీసుకుని, చదివి, అందులో ఖాళీలు ఎక్కడున్నాయో వేలుపెట్టి చూపించినట్టు ఉంటుంది.

ఆ ఫలకాన్ని ఎవరు పెట్టారన్నది కూడా ముఖ్యమే. ఒకప్పటి లాగ్రాంజ్ ఇప్పుడు బిడ్యాడంగా. అక్కడి పెద్దలు ఫ్రీమాంటిల్‌కు వచ్చారు, ఆ హత్యాకాండ జరిగిన చోటి మట్టిని తెచ్చి స్మారకం దగ్గర చల్లారు. మర్డాక్ విశ్వవిద్యాలయం చరిత్రకారులు కూడా దాని వెనుక ఉన్నారు. కాలం కూడా అనుకూలించింది. 1992 జూన్‌లో మాబో కేసులో ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానం, బ్రిటిష్‌వాళ్లు వచ్చేనాటికి ఈ నేల ఎవరిదీ కాదన్న వాదాన్ని కొట్టివేసింది. ఆ ఏడు డిసెంబరులో సిడ్నీలోని రెడ్‌ఫర్న్ పార్కులో ప్రధాని పాల్ కీటింగ్, భూములు లాక్కున్నది మనమే, హత్యలు చేసింది మనమే అని ‘మనం’ అనే మాటతోనే చెప్పాడు. ఆ రెండేళ్ల గాలి లేకపోతే ఒక మునిసిపల్ పార్కులో ‘ఆక్రమణ’ అని రాసిన ఫలకం నిలిచేది కాదు.

భారతదేశం నుంచి వెళ్లినవాడికి ఈ పద్ధతి కొత్తగా అనిపించకూడదు, ఎందుకంటే ఫ్రీమాంటిల్ కంటే ఇరవై రెండేళ్ల ముందే మనం దీన్ని చేశాం. ఢిల్లీ ఉత్తరపు రిడ్జి మీద, హిందూరావు ఆసుపత్రికి దగ్గరలో, 1857లో ఢిల్లీని తిరిగి పట్టుకున్న బ్రిటిష్ సేన కోసం 1863లో కట్టిన ఎర్రరాతి గోపురం ఉంది. దాని శాసనాల్లో తిరుగుబాటుదారులను ‘శత్రువు’ అని రాశారు. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయిన సందర్భంగా 1972లో ప్రభుత్వం దాన్ని కూల్చలేదు, అజిత్‌గఢ్ అని పేరు మార్చి ఇంకో ఫలకం చేర్చింది. ఈ కట్టడం మీది శాసనాల్లో ‘శత్రువు’ అని ఉన్నవారు వలస పాలన మీద తిరగబడి జాతి విముక్తి కోసం వీరోచితంగా పోరాడినవారు అని దాని సారాంశం.

మద్రాసులో వేరే దారి పట్టారు. 1857లో అలహాబాదులో ఉరిశిక్షలకు పేరుమోసిన బ్రిటిష్ సేనాధికారి జేమ్స్ నీల్ విగ్రహం మౌంట్‌రోడ్డు మీద ఉండేది. దాన్ని తొలగించాలని 1927లో సత్యాగ్రహం జరిగింది, సుత్తులతో వెళ్లిన కార్యకర్తలు జైలు పాలయ్యారు. ఆంధ్ర జిల్లాలు కూడా ఆ రాష్ట్రంలోనివే గనుక అది మన చరిత్ర కూడా. 1937లో రాజాజీ మంత్రివర్గం ఏర్పడ్డాక ఆ విగ్రహాన్ని మ్యూజియానికి తరలించారు. ఆ పని సరైనదే. నీల్ వీధిలో ఉన్నన్ని రోజులు ఆయన అధికారానికి గుర్తు, ఆ అధికారం కదలడం మొదలయ్యాక ఆయన్నూ కదిలించారు.

మద్రాసు ఉదాహరణను చూపి, ఫ్రీమాంటిల్ దిమ్మెను కూడా మ్యూజియంలో పెట్టవచ్చు కదా అని నా మిత్రులే కొందరు అడుగుతారు. అది బలమైన ప్రశ్న. నా జవాబు ఇది: ఢిల్లీలో అయినా మద్రాసులో అయినా నిర్ణయం తీసుకున్నది ఓడినవారి వారసులే, వాళ్ల చేతికి ప్రభుత్వం వచ్చింది లేదా రాబోతోంది. ఆస్ట్రేలియా ఆదివాసులకు అటువంటి రోజు రాలేదు. 2023 అక్టోబరులో పార్లమెంటుకు సలహా ఇచ్చే ఒక సంఘాన్ని వాళ్ల కోసం రాజ్యాంగంలో చేర్చాలా అని జనాభిప్రాయం అడిగితే, సుమారు 60 శాతం మంది వద్దన్నారు, ఒక్క రాష్ట్రం కూడా అవునని చెప్పలేదు. అధికారం చేతులు మారని చోట స్మారకాన్ని మ్యూజియానికి తరలిస్తే, మారినదేమీ లేకుండానే మారినట్టు కనిపిస్తుంది. ఆ సౌకర్యాన్ని నేను ఆ నగరానికి ఇవ్వదలచుకోలేదు.

దీనికి అవతలి వైపున ఉండే వాదన, చరిత్రను చెరిపేయకూడదన్నది. ఆ మాట వినిపించినప్పుడల్లా నాకు 2020 గుర్తొస్తుంది. ఆ ఏడాది మే 24న, ఫ్రీమాంటిల్ ఉన్న ఆ రాష్ట్రంలోనే, పిల్బరాలోని జూకన్ లోయలో నలభై ఆరు వేల ఏళ్ల కిందటి నుంచి మనుషులు వాడిన రాతి గుహలను ఇనుప ఖనిజం కోసం రియో టింటో అనే గనుల కంపెనీ పేల్చివేసింది. దానికి చట్టప్రకారం అనుమతి కూడా ఉంది. సరిగ్గా రెండు వారాలకు ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఒక బానిస వ్యాపారి విగ్రహం నీళ్లలో పడితే, చరిత్రకు అపచారం జరిగిందని ఆస్ట్రేలియా రేడియోల్లో గుండెలు బాదుకున్నవాళ్లు ఉన్నారు. అదే జూన్‌లో ప్రధాని స్కాట్ మారిసన్ ఆస్ట్రేలియాలో బానిసత్వం లేదని ఒక రేడియోలో అని, మరునాడు క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. ఆదివాసులతో బలవంతంగా ముత్యపు చిప్పలు ఏరించిన తీరం కూడా ఈ లాగ్రాంజ్ పరిసరాలదే. చరిత్రను కాపాడాలని నిజంగా పట్టుదల ఉన్నవారు మొదట గుహలను కాపాడి ఉండాలి.

ఆనాటి మనుషులను ఈనాటి కొలతలతో కొలవకూడదని ఇంకో మాట. దీనికి నాది ఒక్కటే ప్రశ్న. కరాజర్రివాళ్లు ఏనాటి మనుషులు? వాళ్లూ 1865లోనే బతికారు, చంపడం అన్యాయమని వాళ్లకు 1865లోనే తెలుసు. ఆనాటి కొలత అంటూ ఒక్క వైపు కొలతనే తీసుకుని, దానికి కాలం పేరు పెట్టడం నాకు ఒప్పుదలగా లేదు.

తెలుగువాళ్లుగా మనకు ఈ లెక్క ఇంకా తేలికగా అర్థం కావాలి. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు అల్లూరి సీతారామరాజు దళం పొంచి ఉండి చేసిన దాడిలో చనిపోయారు. వాళ్ల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. ఆ ఇద్దరూ ఎవరికో బిడ్డలే, ఆ సమాధులను పాడు చేయాలని ఎవరూ అనరు, నేనూ అనను. అయితే ఆ దాడిని మనం పాఠ్యపుస్తకాల్లో వీరగాథగా చదువుకున్నాం, పొంచి ఉండి కొట్టడాన్ని ద్రోహమని మనకు ఏ మాస్టారూ చెప్పలేదు. 2022 జూలై 4న భీమవరంలో ముప్పై అడుగుల సీతారామరాజు విగ్రహాన్ని దేశ ప్రధానే ఆవిష్కరించారు. అడవి మీద తన హక్కు పోతున్నదని తిరగబడ్డ మన్యం మనిషి మనకు వీరుడైనప్పుడు, నీటి గుంట పోతుందని తిరగబడ్డ కరాజర్రి మనిషి ద్రోహి ఎట్లా అవుతాడు? అయినా పెర్త్‌లో స్థిరపడిన మనవాళ్ల కబుర్లలో ఆదివాసుల ప్రస్తావన వస్తే, ప్రభుత్వం డబ్బులిస్తుంది, తాగుతారు, అన్న రెండు మాటలతో సరిపెట్టేస్తాం. నర్సీపట్నం క్లబ్బులో 1922లో మన్యంవాళ్ల గురించి ఇంచుమించు ఇవే మాటలు నడిచి ఉంటాయని నా అనుమానం.

మనం ఆస్ట్రేలియాకు వచ్చింది గొర్రెలు తోలుకుని కాదు, వీసాలు తీసుకుని. నిజమే. కానీ మనం కొన్న ఇంటి స్థలాల దస్తావేజులన్నీ ఆ గొర్రెల కాలపు పట్టాల నుంచి పుట్టినవే. ఫ్రీమాంటిల్ తీరాన నిలబడితే ఎదురుగా రాట్‌నెస్ట్ దీవి కనిపిస్తుంది. ఊరినుంచి ఎవరు వచ్చినా పడవెక్కించి తీసుకెళ్లి క్వాకా అనే చిన్న జంతువుతో సెల్ఫీ తీయించి తీసుకొస్తాం. 1838 నుంచి దాదాపు వందేళ్ల పాటు అది ఆదివాసులకు జైలు. సుమారు 3,700 మంది పురుషులను, కుర్రాళ్లను అక్కడ బంధించారు, వారిలో కనీసం 373 మంది అక్కడే చనిపోయారు. వాళ్ల సమాధుల నేల మీద దశాబ్దాల పాటు సెలవుల టెంట్లు వేశారు, జైలు గదులను 2018 వరకు బస గదులుగా అద్దెకిచ్చారు. దీవికి పంపే ముందు ఖైదీలను ఉంచిన రౌండ్‌హౌస్ ఎస్‌ప్లనేడ్ పార్కుకు నడిచి వెళ్లే దూరంలోనే ఉంది. ఈ మూడింటినీ కలిపి చూస్తే బ్రౌన్ స్మారకం ఒక్కటే వింత వస్తువుగా కనిపించదు. ఆ ఊరి కథలో అది ఒక పేజీ, మిగతా పేజీల కంటే నిజాయితీగా రాసిన పేజీ కూడా.

అయితే ఉన్నది ఉన్నట్టుగా సరిపోయిందని నేను అనను. పాత విగ్రహం తల ఎత్తి చూడవలసిన ఎత్తులో ఉంటుంది, కొత్త ఫలకం దిమ్మెకు అతికించినది, దగ్గరికి వెళ్లి నిలబడి చదివితే తప్ప తెలియదు. నడుస్తూ పోయేవాడికి బ్రౌన్ ముఖం మాత్రమే కనిపిస్తుంది. ఆ వ్యత్యాసాన్ని సరిచేయడానికి విగ్రహాన్ని దించి ఫలకాల ఎత్తులో నేల మీద పెట్టవచ్చు, లేదా కరాజర్రి కళాకారులు ఎంచుకున్న రూపంలో అంతే ఎత్తున మరొకటి నిలబెట్టవచ్చు. ఫ్రీమాంటిల్ కౌన్సిల్‌కు ఇలాంటి తెగువ లేకపోలేదు. జనవరి 26 నాటి ఆస్ట్రేలియా డే బాణాసంచాను రద్దు చేసి, 2017లో రెండు రోజుల తరవాత వేరే వేడుక జరిపినప్పుడు దేశమంతా ఆ ఊరి మీద విరుచుకుపడినా అది తట్టుకుంది.

ఈ పద్ధతిని అన్ని విగ్రహాలకూ మందులా వాడమని కూడా అనను. సిడ్నీ హైడ్ పార్కులో 1879 నాటి కెప్టెన్ కుక్ విగ్రహం, 1770లో ఆయన ఈ నేలను కనుగొన్నాడని చెబుతుంది. అందులో ఒప్పుకోలు లేదు, వట్టి గొప్ప మాత్రమే ఉంది, కాబట్టి అక్కడ నా వాదన అంత బలంగా నిలవదు. హోబార్ట్‌లో విలియం క్రౌథర్ సంగతి ఇంకా వేరు. 1869లో విలియం లాన్ అనే ఆదివాసి శవాన్ని ఛిద్రం చేసిన ఆ వైద్యుడి విగ్రహాన్ని తొలగించాలని టాస్మేనియా ఆదివాసులు కోరారు, 2022లో నగర కౌన్సిల్ ఒప్పుకుంది, ఆ పని సాగుతూ ఉండగానే 2024 మేలో ఎవరో విగ్రహాన్ని చీలమండల దగ్గర కోసి పడేశారు. రాత్రిపూట రంపాలను నేను సమర్థించను, కౌన్సిల్ నిర్ణయాన్ని మాత్రం సమర్థిస్తాను, ఎందుకంటే అడిగినవారు అడగవలసినవారే.

ఫ్రీమాంటిల్ విషయంలోనూ నాకు ప్రమాణం అదే. 1994లో లాగ్రాంజ్ వారసులు దిమ్మెను కూల్చమనలేదు, దాని మీద తమ మాట రాశారు. 2002లో ఆ ప్రాంతంలో కరాజర్రివాళ్ల స్వదేశీ భూహక్కును ఫెడరల్ కోర్టు గుర్తించింది. ఆ ముగ్గురూ మేత భూమి వెతుక్కుంటూ వెళ్లిన దేశం ఎవరిదో ఇప్పుడు కోర్టు రికార్డుల్లోనూ ఉంది. దిమ్మె ఉండాలన్న నా వాదనంతా వాళ్ల మాట మీద ఆధారపడినదే. రేపు బిడ్యాడంగా పెద్దలు ఆ రాయిని ఇక చూడలేమంటే, సాక్ష్యం అవసరం తమకు తీరిందంటే, పైన రాసినదంతా పక్కన పెట్టి దాన్ని దింపమనే సంతకాల కాగితం మీద నా పేరు కూడా రాస్తాను.